కాశీలో వదిలిన ఆలివ్

నాచారంలో ఉమాపతిని సైకిల్ లేకుండా చూసినవాళ్ళు తక్కువ. ఉప్పల్ వైపున్న ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో ముప్పై మూడేళ్ళు పనిచేశాడు. కొలిచే యంత్రాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో సరిచూడటం ఆయన పని. ఆ ముప్పై మూడేళ్ళూ సైకిల్ మీదే వెళ్ళాడు, సైకిల్ మీదే తిరిగొచ్చాడు. తోటివాళ్ళు స్కూటర్లు కొన్నారు, తరవాత కార్లు కొన్నారు, ఉప్పల్ చౌరస్తాలో నెత్తి మీదికి మెట్రో కూడా వచ్చింది. ఈయన మాత్రం ప్యాంటుకి క్లిప్పు పెట్టుకుని, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కి తగిలించుకుని, ఆ లారీల మధ్యే తొక్కుకుంటూ పోయాడు.

మనిషి మంచివాడే. ఒకరి జోలికి పోడు, ఒకరి సొమ్ము ముట్టడు. ఉన్నదల్లా ఒక్కటే రోగం: ఏ నియమం చెప్పినా అందులో సందు వెతుకుతాడు. ఏకాదశి నాడు అన్నం తినకూడదంటే, "అన్నం వద్దన్నారు గానీ ఉప్మా వద్దన్నారా?" అని రెండు ప్లేట్లు లాగిస్తాడు. శివరాత్రి జాగారమంటే తొమ్మిదింటికల్లా నడుం వాల్చి, "కళ్ళు మూసుకున్నానే గానీ నిద్రపోలేదు" అంటాడు. గురక మాత్రం పక్క ఫ్లాటు దాకా వినిపిస్తుంది. భార్య కామాక్షి మల్కాజిగిరిలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. తప్పుడు లెక్క చేసిన పిల్లల్ని నిలబెట్టి కడిగేసేది గానీ మొగుణ్ణి మాత్రం వదిలేసేది. అంతమంది పిల్లల నోట్సులు దిద్ది ఇంటికొచ్చాక ఓపిక ఉండొద్దూ!

ఆవిడ వదిలెయ్యనిది ఒక్కటే ఉంది. దాని సంగతి చెప్పాలంటే పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

వాళ్ళకి ఒక్కతే కూతురు, గీతిక. పదో తరగతి పరీక్షల ముందు టైఫాయిడ్ వచ్చి ముదిరింది. ఇరవై రెండు రోజులు ఆసుపత్రి. ఒకరోజు డాక్టరు బయటికొచ్చి, కళ్ళలోకి చూడకుండా, "రెండు రోజులు గడవనివ్వండి" అన్నాడు. కామాక్షి ఆ వరండాలోనే గోడకి తిరిగి నిలబడి మొక్కుకుంది, పిల్ల లేచి కూర్చుంటే కాశీకొచ్చి తనకి ప్రాణమైంది ఏదో అది వదిలేస్తానని. మూడో రోజు పిల్ల లేచి కూర్చుంది, ఇడ్లీ అడిగింది. ఆ చలికాలం భార్యాభర్తలిద్దరూ కాశీ వెళ్ళారు.

కాశీకెళ్తే ఒక కాయ, ఒక పండు వదిలేసి రావాలి కదా. వదిలాక జన్మలో మళ్ళీ ముట్టకూడదు. మోకాళ్ళ లోతు గంగలో నిలబడి, తెలుగు పంతులుగారు చెప్పినట్టు దోసిట్లో నీళ్ళు పట్టుకుని, కామాక్షి ముందు దొండకాయ అంది. అది ఫరవాలేదు. తరవాత, "మామిడిపండు" అంది.

ఉమాపతి అదిరిపడ్డాడు. కామాక్షిది నూజివీడు పక్క ఊరు. నాన్నకి మామిడితోట. చిన్నరసాలు తిని పెరిగిన పిల్ల. ఎండాకాలం వస్తే అన్నం మానేసి పళ్ళ మీదే బతికేది. "ఇంకేదైనా చెప్పవే, సపోటా చెప్పు, సీతాఫలం చెప్పు" అని పక్కనుంచి గొణిగాడు. ఆవిడ వినిపించుకోలేదు. కళ్ళు మూసుకుని నీళ్ళు వదిలేసింది.

తరవాత ఈయన వంతు. మనవాడి బుర్ర అప్పటికే పనిలో పడింది. వంకాయ వదిలితే పెళ్ళిభోజనాల మాటేమిటి? అరటిపండు వదిలితే ప్రయాణాల్లో ఏం తింటాడు? అప్పుడు గుర్తొచ్చింది, పేపర్లో ఒక గుండెజబ్బుల డాక్టరు రాసిన వ్యాసం. "ఆలివ్" అన్నాడు.

"అదేమిటి నాయనా?" అన్నాడు పంతులుగారు.

"ఉంటుంది లెండి. కాయగానూ తింటారు, పండుగానూ తింటారు. నాకు రెంటికీ అదొక్కటే రాసుకోండి."

పంతులుగారు ఓసారి ఈయన మొహం చూసి, ఓసారి కామాక్షి మొహం చూసి, "ఏదైతేనేం, మనసారా వదిలితే చాలు" అని మంత్రం అందుకున్నాడు. ఉమాపతి మనసారా వదిలాడు. జన్మలో కంటితో చూడనిదాన్ని వదలడానికి కష్టమేముంది!

కామాక్షి ఆ రోజంతా మాట్లాడలేదు. రైలు మొగల్‌సరాయ్ దాటాక మాత్రం ఒక మాట అంది. "అక్కడ నీళ్ళు వదిలింది గీతిక పేరు చెప్పి. మీరు వదిలింది ఎప్పుడైనా ఎదురుపడితే మాత్రం తినకండి."

"ఎదురుపడితేగా!" అని నవ్వేసి, పై బెర్తు ఎక్కి పడుకున్నాడు.

అంతే, ఆ సంగతి అక్కడితో మర్చిపోయాడు. మర్చిపోడూ మరి! ఎదురుపడనిదాన్ని గుర్తుపెట్టుకునే పనేముంది? ఎప్పుడైనా గీతిక ఇంటికి పిజ్జా తెప్పిస్తే ఆ మైదా రొట్టె వంక చూసి మొహం చిట్లించి పెరుగన్నం కలుపుకునేవాడు. దాని మీద నల్లగా ఏం చక్రాలున్నాయో ఆయనకెందుకు?

కామాక్షికి మాత్రం ఏటా ఎండాకాలం వచ్చేది. మే నెల రాగానే ఉప్పల్ దాకా వెళ్ళి రసాలు ఏరి తెచ్చేది. పడగ్గది మూల పాత పేపర్లు పరిచి, వాటి మీద పేర్చి, పొద్దున సాయంత్రం ఒక్కోదాన్నీ తిప్పి చూసేది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఆ పూటకి ఏది పండిందో తేల్చేది. దాన్ని రెండు చేతులతో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్క జీడి పిండేసి ఉమాపతి చేతికిచ్చేది. "ఎలా ఉంది?" అనడిగేది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేవాడు. పదకొండు ఎండాకాలాలు ఇదే వరస.

ఇంతలో రిటైరయ్యాడు. అప్పుడు బయటపడింది ఆయన కోరిక. ఎప్పుడో తొంభై ఆరులో వాళ్ళ సంస్థకి ఒక జర్మన్ సైంటిస్టు వచ్చాడట. గ్రీసు దేశానికి క్రీట్ అనే దీవి ఉందనీ, సెలవుల్లో ఒంటరిగా సైకిలేసుకుని దాన్ని చుట్టొచ్చాననీ చెప్పి ఫొటో చూపించాడట. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో రోడ్డు, రోడ్డు మీద ఒక్క సైకిల్. లారీ లేదు, బస్సు లేదు, హారన్ లేదు. ఉప్పల్ రోడ్డులో తొక్కేవాడికి అది స్వర్గంలా కనబడిందంటే కనబడదూ! "నేనూ ఒక్కణ్ణే అలా వెళ్ళొస్తా" అన్నాడు.

"వెళ్ళి రండి. నన్ను మాత్రం కారియర్ మీద ఎక్కించకండి" అంది కామాక్షి. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న గీతిక, టికెట్లూ వీసా తను చూస్తానంది. ఉప్పల్లో ఆయన సైకిల్‌కి ముప్పై ఏళ్ళుగా పంక్చర్లేసిన దయాకర్ ఒక్కడే అడ్డం పడ్డాడు. "ఏంది సార్, సైకిల్ తొక్కెతందుకు గంత దూరం పోతరా? జర చెంగిచెర్ల దిక్కు పోయిరాండ్రి, గుట్టలు ఆడ గూడ ఉన్నయ్" అన్నాడు. అంటూనే బ్రేకులు మార్చడం, చైన్ ఎక్కించడం మళ్ళీ ఒకసారి నేర్పించి పంపాడు.

ఉమాపతి తయారీ మామూలుది కాదు. ఒక నోట్‌బుక్కులో రోడ్లు, ఎత్తుపల్లాలు, గాలి ఏ పూట ఎటు వీస్తుంది, ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, అన్నీ రాసుకున్నాడు. తిండి గురించి ఒకే ముక్క: "అక్కడివాళ్ళు తినేదే తినాలి." ఆయన శాకాహారి, కోడిగుడ్డు కూడా ముట్టడు. అయినా అక్కడ కూరగాయలకి లోటు లేదని చదివాడు. పచ్చళ్ళూ పొడులూ మోసుకెళ్ళేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు.

ఉగాది వెళ్ళిన వారానికి క్రీట్‌లో దిగాడు. సైకిల్ అద్దెకి తీసుకుని మొదటి రోజే నలభై కిలోమీటర్లు తొక్కాడు. ఫొటోలో చూసినట్టే ఉంది. కొండల నిండా బూడిదరంగు ఆకుల పొట్టి చెట్లు, ఎటు చూసినా అవే. ఒక తోటలో ఆగి, చెట్టుకి వీపు ఆనించి, సముద్రం వైపు చూస్తూ నీళ్ళు తాగాడు. జన్మ ధన్యమైందనుకున్నాడు. అది ఏం చెట్టో అడగాలని తోచలేదు.

ఆ సాయంత్రం ఒక హోటల్ ముందు కూర్చుంటే, ఇంకా ఏమీ చెప్పకముందే గిన్నెతో ఏవో తెచ్చి పెట్టారు. నేరేడుపళ్ళలా నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఒకటి తీసి నోటి దాకా తీసుకెళ్ళి, "ఏమిటివి?" అనడిగాడు. హోటలాయన చెప్పాడు. ఉమాపతి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

గంగ గుర్తొచ్చింది. మోకాళ్ళ దాకా చలి గుర్తొచ్చింది. పంతులుగారి చూపు గుర్తొచ్చింది. పండుని మళ్ళీ గిన్నెలో పెట్టేసి, తినడానికి ఇంకేముందో చెప్పమన్నాడు. చిక్కుడు గింజలున్నాయి, ఆలివ్ నూనెలో. ఆకుకూర ఉంది, పైన ఆలివ్ నూనె. టమాటా ముక్కలేసిన ఎండు రొట్టె ఉంది, అది ఆలివ్ నూనెలోనే నానాలట. పొద్దున్నుంచీ తను వీపు ఆనించింది, నీడన పడుకుంది, ఫొటో తీసి గీతికకి పంపింది కూడా ఆలివ్ చెట్టేనట! ఆ రాత్రికి ఉత్తి రొట్టె, పెరుగు తిని గదికెళ్ళి కామాక్షికి ఫోన్ చేశాడు.

సంగతి విని కామాక్షి నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. "గంగమ్మ పదకొండేళ్ళు ఓపిక పట్టి, దేశం కాని దేశంలో పట్టుకుంది మిమ్మల్ని!"

"నవ్వకు. అయినా నేను వదిలింది కాయా పండూ. నూనె వదల్లేదుగా?" సందు వెతకడం మొదలైంది.

"కొబ్బరికాయ వదిలినవాడు కొబ్బరినూనెలో వంట చేసుకు తింటాడా?"

"అది వేరు, ఇది వేరు."

కామాక్షి నవ్వు ఆపేసింది. "చూడండి, తినాలనిపిస్తే తినండి. చూడ్డానికి ఎవరున్నారక్కడ? నేనైతే అడగను" అంది. తరవాత గీతికకి జలుబు చేసిందనీ, ఆఫీసుకి వెళ్ళలేదనీ చెప్పి పెట్టేసింది.

ఆవిడ తినొద్దని అనుంటే వాదించేవాడు. అడగనంది కాబట్టి వాదించడానికి ఎవరూ లేకుండా పోయారు. పైగా ఆ జలుబొకటి! మొక్కులకీ రోగాలకీ సంబంధం లేదని సంస్థ క్యాంటీన్లో ముప్పై మూడేళ్ళు వాదించిన మనిషి, ఆ రాత్రి గీతికకి రెండుసార్లు మెసేజ్ పెట్టాడు, జ్వరం చూసుకున్నావా అని. నీళ్ళు వదిలింది దాని పేరు చెప్పే. నమ్మకం లేకపోతే పోయె, చెయ్యి మాత్రం ఆ గిన్నె దగ్గరికి పోనంటోంది. తింటే ఏమవుతుందో ఆయనకి తెలియదు. ఏమీ కాకపోయినా, ఆ తరవాత గీతిక తుమ్మినప్పుడల్లా తను భయపడి చావాలని మాత్రం తెలుసు.

తరవాతి రెండు రోజులు పెరుగు, తేనె, నారింజలు, ఉత్తి రొట్టె. గదిలో కూర్చునేవాడికి అది చాలు. కొండలెక్కుతూ సైకిల్ తొక్కేవాడికి ఏం చాలుతుంది? మధ్యాహ్నం ఏ ఊళ్ళోంచి పోయినా వెల్లుల్లి, నూనె కలిసిన వాసన వచ్చి కడుపులో చెయ్యి పెట్టి తిప్పేది. ఎక్కడివాళ్ళ తిండి అక్కడ తినాలని రాసుకొచ్చిన మనిషి, ప్రతి హోటల్ ముందూ తల తిప్పుకుని పోయాడు. జీవితంలో మొదటిసారి ఒకదాన్ని నిజంగా వదులుతున్నాడు. ఇంత కష్టమా ఇది, అనుకున్నాడు.

నాలుగో రోజు, బుధవారం, ఒక పెద్ద ఎత్తు ఎక్కుతుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. సైకిల్ దిగి నెట్టుకుంటూ, పైనున్న చిన్న ఊళ్ళో మొదటి ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. నల్ల బట్టలేసుకున్న ఒక ముసలావిడ బయటికొచ్చింది. మొహం చూడగానే ఆకలని అర్థమైంది కాబోలు. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, పళ్ళెంలో ఉడికించిన శనగలు పెట్టి, నూనె సీసా ఎత్తింది. ఉమాపతి విస్తట్లో వడ్డన ఆపినట్టు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. మొహమాటపడుతున్నాడనుకుని ఆవిడ వంచేసింది. నూనంతా ఆయన చేతుల మీద పడింది.

ఆవిడకి కోపమొచ్చింది. పెరట్లో చెట్టు చూపిస్తుంది, సీసా చూపిస్తుంది, గుండె మీద కొట్టుకుంటుంది. మా చెట్టు నూనె వద్దంటావా అని! ఉమాపతి జిడ్డు చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి, మాటని వాళ్ళ భాషలోకి మార్చేదాంట్లో తెలుగులో చెప్పాడు: "దేవుడి పేరు చెప్పి ఇది వదిలేశానమ్మా."

ఫోన్ చెప్పింది విని ఆవిడ మొహం విప్పారింది. క్యాలెండర్ దగ్గరికెళ్ళి బుధవారం మీద వేలు పెట్టింది. ఈస్టర్ పండుగ ముందు వాళ్ళకీ ఉపవాసాలట. బుధవారం ఆవిడా నూనె ముట్టదట. పోసింది అతిథి కోసం. ఆ పళ్ళెం తీసేసి తన కోసం వండుకున్న గిన్నె తెచ్చింది. పప్పు, నువ్వుల ముద్ద కలిపిన పులుసు, ఉడికించి నిమ్మకాయ పిండిన ఆకుకూర. నువ్వుల వాసన తగలగానే ఉమాపతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడకి మిగిలిందో లేదో కూడా చూడకుండా రెండు పళ్ళేలు తిన్నాడు.

తిన్నాక ఆవిడ ఫోన్ దగ్గరికి జరిగి ప్రశ్నలు మొదలెట్టింది. ఆవిడ ఒకటంటే ఫోన్ అది తెలుగులో, ఎత్తూ పల్లం లేని గొంతుతో చెప్పేది.

"పండుగ రాగానే మీరు నూనె తింటారా?"

"లేదు. చచ్చేదాకా తినకూడదు."

"ఎవరి కోసం వదిలారు?"

"మా అమ్మాయి కోసం. చావు దాకా వెళ్ళొచ్చింది."

ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది. "అది మీకు చాలా ఇష్టమైనదా?"

ఉమాపతికి అబద్ధం చెప్పడం ఎంతసేపు? కానీ ఆవిడ తిండి తిని కూర్చున్నాడు. "తెలియదు. ఎప్పుడూ తినలేదు" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకుంది. "అమ్మాయి తల్లి కూడా వదిలిందా?"

"వదిలింది. ఒక పండు."

"ఆమె కూడా దాన్ని ఎప్పుడూ తినలేదా?"

"తింది. చిన్నప్పటి నుంచీ. దాని కోసం అన్నం మానేసేది."

ముసలావిడ ఖాళీ గిన్నె పక్కకి జరిపింది. తరవాత ఫోన్‌తో ఒక్క మాట అంది. అందులో తిట్టు లేదు, వెక్కిరింపు లేదు. రొట్టె ఎంతకి అమ్ముతారో చెప్పినట్టు చెప్పింది. ఫోన్ దాన్ని తెలుగు చేసింది.

"అయితే మీ అమ్మాయిని మీ భార్య ఒక్కతే కాపాడింది."

ఉమాపతికి సిగ్గేసింది. అరవై ఏళ్ళ మనిషికి, దేశం కాని దేశంలో, ఎవరో ముసలావిడ ముందు చెవులు వేడెక్కేంత సిగ్గు. కాదని చెప్పడానికి సందేమైనా ఉందా అని అలవాటుగా వెతికాడు. దొరకలేదు.

మిగిలిన నాలుగు రోజులూ బాగానే తొక్కాడు. ఎక్కడికెళ్ళినా ఉపవాసం వంట అడిగి తెప్పించుకున్నాడు. అడగాలే గానీ ప్రతి ఇంటా ఉంది అది. తను వద్దన్నా వినకుండా ముసలావిడ మూటలో పెట్టిన నూనె సీసాని నాచారం దాకా మోసుకొచ్చి దయాకర్‌కిచ్చాడు. "చైన్‌కేస్తే మస్తుగ తిరుగుతది సార్" అన్నాడు వాడు. గీతిక జలుబు మూడో రోజుకే తగ్గిపోయింది. అన్నట్టే కామాక్షి ఏమీ అడగలేదు. నాలుగు కిలోలు తగ్గిన మనిషిని చూసి, రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది.

మే నెల వచ్చింది. పడగ్గది మూల పేపర్లు పరుచుకున్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం కామాక్షి రసాల ముందు కింద కూర్చుని, ఒకటి తీసి వాసన చూసి పక్కన పెట్టి, ఇంకోటి తీసి వాసన చూసి, పిసకడం మొదలెట్టింది. ఉమాపతి కుర్చీలోంచి చూస్తున్నాడు. ఎప్పుడూ చూడని పని అది. వాసన చూసినప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుంటుందని ఇన్నేళ్ళూ ఆయనకి తెలియదు.

ముచ్చిక తీసి అందించింది. "నాకొద్దు" అన్నాడు.

"ఏం, కడుపు బాగోలేదా?"

"నేనూ మామిడిపండు వదిలేస్తున్నా."

"ఎక్కడ? నాచారంలోనా?"

"కాశీకే వెళ్దాం మళ్ళీ. ఆలివ్ కాదు, ఈసారి సరిగ్గా వదులుతా."

నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. పండు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. "గీతికకి మామిడిపండు వాసన పడదు. నేను తినను. మరి ఏటా ఇవన్నీ ఏరి, మోసుకొచ్చి, మూల పేర్చేది ఎందుకనుకున్నారు? మీరు తింటుంటే చూడటం ఒక్కటే నాకు మిగిలింది. అది కూడా వదిలెయ్యమంటారా?"

ఉమాపతి లేచి వెళ్ళి ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాడు. చెయ్యి చాపి పండు తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది?" అంది కామాక్షి.

పేపరు పక్కనే ఉంది. దాన్ని మడిచి దూరంగా తోశాడు. మళ్ళీ ఒక గుటక పీల్చి, వెంటనే మింగకుండా నోట్లోనే ఉంచుకుని చూశాడు. "ముందు కాస్త వగరు, తొక్క దగ్గర. తరవాత తీపి. పీచు తక్కువే. మన పెళ్ళైన ఏడాది మీ నాన్న తోటలో తినిపించావే, బావి పక్క చెట్టువి, అలా ఉంది. చివర్న గొంతులో చిన్న పులుపు."

కామాక్షి కళ్ళు మూసుకుంది. "బావి పక్క చెట్టుకి పులుపు లేదు."

"ఉంది."

"సరిగ్గా చూసి చెప్పండి."

ఉమాపతి టెంక దాకా చీకి, ఆగి, చూశాడు. "ఉంది. టెంక దగ్గర."

కామాక్షి గొంతు ఒకసారి కదిలింది, ఏదో మింగినట్టు. "అవును," అంది, "టెంక దగ్గర ఉండేది."

ఇంకో పండు తీసి వాసన చూసి, పిసకడం మొదలెట్టింది.